పొమ్మంటే చెయ్యిచ్చింది

మొన్న వానలో ఇంగ్లండులోని మా ఊరు బేసింగ్‌స్టోక్‌లో రీడింగ్ వెళ్ళే రైలెక్కి కూర్చున్నాక, ఎదుటి సీటు కింద నుంచి తడిసిన కుక్క వాసన వచ్చింది. తడిగొంగళి వాసనలో కుళ్ళిన ఆకుల వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలా. కుక్క కనబడలేదు. తోక కొస మాత్రం బయటికి వచ్చి ఉంది. నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి ముడుచుకున్నాయి. ఆ భయంతో పాటే సత్యవతి ఆంటీ గుర్తొచ్చారు. ఆమె కారంతా ఇదే వాసన, పైన కొంచెం పెప్పర్‌మింట్ బిళ్ళల వాసన. నేను బాగా భయపడే జంతువూ, బాగా గౌరవించిన మనిషీ ఒకే వాసనలో ఎందుకు కలిసిపోయారో నాకిప్పటికీ తెలియదు. దిగేదాకా ఆ తోకనే చూస్తూ కూర్చున్నాను. మా ఊరి తెలుగువాళ్ళలో ఆంటీ గురించి ఒక కథ తిరుగుతోంది. మురళి ఇంటికి ఆమె ప్రమాదకరమైన కుక్కను ఎంచిపెట్టారని, అది అతని మీద పడిందని. ఆ మురళిని నేనే. ఆ కథ పుట్టించిందీ నేనే. అది నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆంటీ కాకినాడ మనిషి. బేసింగ్‌స్టోక్‌లో మా సర్జరీలో, అంటే మా పేట డాక్టర్ల క్లినిక్‌లో, జీపీగా చాలాకాలం పనిచేశారు. భర్త పోయారు, పిల్లల్లేరు. నేను కాంట్రాక్టు ఉద్యోగం మీద కొత్తగా వచ్చిన రోజుల్లో, గుండె దడదడలాడుతోందని ఆమె దగ్గరికే వెళ్ళాను. ఆమె స్టెతస్కోపు మెడలోంచి తీయకుండానే అడిగారు, "దానికి ముందు ఏం జరిగింది?" ఏమీ జరగలేదన్నాను. మళ్ళీ అడిగారు. ఆఫీసుకు దగ్గరదారి అని పార్కులోంచి నడిచానని చెప్పాను. "పార్కులో ఏముంది?" "చెట్లుండాయాంటీ." "ఇంకా?" "కుక్కలు." ఆమె పకపకా నవ్వారు. "గుండె గుర్రంలా దిట్టంగా ఉందయ్యా. మాత్రలేం వద్దు, ఆదివారం నాతో నడకకి రా." వెళ్ళాను. ఎదురుగా కుక్క వచ్చినప్పుడల్లా ఆమె మాట ఆపకుండానే చోటు మారి, దానికీ నాకూ మధ్యకు వచ్చేవారు. నన్ను ఏ కుక్కా ఎన్నడూ కరవలేదని తెలిసి ఆశ్చర్యపోయారు. "మరెందుకు భయం?" అన్నారు. కారణం ఉంటే దానితో పోట్లాడొచ్చు. లేనిదానితో ఏం చేస్తాం?

రిటైరయ్యాక ఆమెకు రెండు వ్యాపకాలు. శనివారాలు మా తెలుగు పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. మిగతా రోజుల్లో, యజమానులు వదిలేసిన కుక్కల్ని ఉంచే కేంద్రానికి వెళ్ళి వాటిని నడిపించేవారు. మా అమ్మాయి మేఘన ఆ శనివారం బడికి వెళ్ళేది. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి దానికి కుక్క తప్ప వేరే ధ్యాస లేదు. ఇంట్లో మేం తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబిచ్చేది, ప్రతి జవాబూ కుక్క దగ్గరే ఆగేది. నా భార్య శైలజ తీర్పు నాకే వదిలేసింది. "నీకు ఓకే అయితే నాకేం ఇబ్బంది లేదు. కానీ రేపు దాన్ని చూసి నువ్వు మంచమెక్కి కూచుంటే పైకి టీ అందియ్యడం నా వల్ల కాదు." కూతురి ముందు పరువు పోతుందని సరే అన్నాను. తర్వాత భయమేసి ఆంటీ దగ్గరికి పరిగెత్తాను.

"చిన్నదైతే చాలాంటీ, చేతిలో పట్టేంత" అన్నాను.

"చిన్నవాటికే నోరెక్కువయ్యా. రోజంతా నీ మీద అరుస్తుంది."

"అయితే పిల్లని తెచ్చుకుంటే? నాతోపాటే పెరుగుతాది గదా."

"కుక్కపిల్లంటే ఏడాదిపాటు పళ్ళేనయ్యా. కనబడిందల్లా కొరుకుతుంది. నీకు కావలసింది వయసు మళ్ళింది, మనుషులతో బతికింది, నిద్రంటే ప్రాణం పెట్టేది."

"పళ్ళూడినది ఉండాదేమో సూడండాంటీ."

"ఉంటే నేనే కట్టుడుపళ్ళు పెట్టిస్తాను, పద."

కేంద్రంలో ఆమె నన్ను ఏ కుక్క దగ్గరా నేరుగా నిలబడనివ్వలేదు. "పక్కకి తిరిగి నిలబడు, కళ్ళల్లోకి చూడకు. అదేం చేస్తుందో చూడు. తొందరపడి నీ మీదికి ఎగబడేది మనకొద్దు. మూల నక్కేదీ వద్దు, ఇద్దరూ భయపడితే ఇల్లెవరు నడుపుతారు?" చాలావాటిని దాటుకుంటూ వెళ్ళాం. చివర్లో తేనెరంగు ముసలి కుక్క ఒకటి, లాబ్రడార్ పోలికలది, నన్ను ఒకసారి చూసి, తనూ పక్కకు తిరిగి, నిట్టూర్చి పడుకుంది. పేరు రస్టీ. దాన్ని పెంచిన పెద్దాయన వృద్ధుల కేర్ హోమ్‌లో చేరాడట. ఆంటీ నా భుజం తట్టి, "భయపడేవాడే కుక్కని జాగ్రత్తగా ఎంచుకుంటాడు. మిగతావాళ్ళు ఫొటో చూసి తెచ్చేసుకుంటారు" అన్నారు. కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని చూసి, తర్వాతే సంతకాలు చేయమన్నారు కేంద్రంవాళ్ళు. మేఘన ఆ రాత్రి హాల్లో దాని పక్కనే దుప్పటి పరుచుకుంది.

కొన్ని రోజులు బాగానే గడిచాయి. నేనొక గదిలో ఉంటే అదొక గదిలో. ఒకరోజు శైలజ ఆఫీసుకు, మేఘన బడికి వెళ్ళాక టీ పెట్టుకుని వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో రస్టీ. దారికడ్డంగా నిలబడి నా మొహమే చూస్తోంది. "పో" అన్నాను. అది కూర్చుని ముందుకాలు ఎత్తింది. "పో! పో!" అని అరిచాను. కాలు ఇంకా పైకెత్తి, నా మీదికి వంగి, తొడ మీద వేసింది. గోరు ప్యాంటు మీద గీసుకుంది. నేను ఫ్రిజ్‌కు గుద్దుకున్నాను, కప్పు పగిలింది. బాత్రూమ్‌లో దూరి గడియ పెట్టుకుని, అక్కణ్ణించే కేంద్రానికి ఫోన్ చేశాను. కుక్క మీదికొచ్చిందన్నాను. పళ్ళు చూపించిందా అని అడిగారు. చూపించిందనుకుంటా అన్నాను. ఆ "అనుకుంటా" ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. చెప్పాక పళ్ళు కూడా గుర్తొచ్చాయి.

దాన్ని తీసుకెళ్ళడానికి ఆంటీయే వచ్చారు. రస్టీ తోకాడిస్తూ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. "దానికి ముందు ఏం జరిగింది మురళీ?" అని అడిగారు, సర్జరీలో అడిగినట్టే.

"ఏం జరగలేదాంటీ."

"నువ్వేమైనా అన్నావా దాన్ని?"

"ఏమీ అన్లేదాంటీ. ఉట్టినే మీదికొచ్చింది."

అది అబద్ధమా? ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. మా కడపలో కుక్కను పొమ్మనడం ఏదో అనడం కిందికి రాదు. ఈగను తోలినట్టు చెయ్యి ఊపుతాం, పో అంటాం. ఆ మాట నా నోట్లోంచి వచ్చిన సంగతే నాకు తెలిసినట్టు లేదు. కానీ తర్వాతి వారం ఒక పుట్టినరోజు పార్టీలో నలుగురూ చుట్టూ చేరి అడిగితే, ప్యాంటు మీది గీత కాస్తా గాటైంది, గాటు కాస్తా కరవబోవడమైంది. అది మాత్రం నాకు తెలిసే జరిగింది. మీదికొచ్చిందన్న మాట రికార్డులో పడితే పిల్లలున్న ఇళ్ళకు ఆ కుక్కను ఇవ్వరట. ముసలి కుక్కకు ఇంకెవరు దొరుకుతారు? మోకాళ్ళ నొప్పులతో ఆంటీయే దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. దాంతో ఒక్కో ఇంటివాళ్ళూ శనివారం పిల్లల్ని పంపడం మానేశారు. అందరికంటే ముందు మానిపించింది నేనే.

ఏడాది దాటాక, రీడింగ్ ఆఫీసులో ఒకావిడ తన కుక్కను వెంట తెచ్చింది. అది నా కుర్చీ దగ్గరికొస్తే, గొణిగినట్టుగా "పో" అన్నాను. అది వెంటనే కూర్చుని కాలెత్తి నాకు అందించింది. "ఓ, యూ నో హిజ్ ట్రిక్!" అని ఆవిడ మురిసిపోయింది. తనూ చేసి చూపించింది. కుక్క పాదాన్ని ఇంగ్లీషులో paw అంటారని నాకు తెలుసు, కానీ మనం దాన్ని "పా" అని చదువుకున్నాం. ఇక్కడివాళ్ళ నోట ఆ మాట అచ్చం మన "పో". ఆవిడ అంటోంది, కుక్క చెయ్యిస్తోంది. నేను గట్టిగా అరిచేకొద్దీ రస్టీ కాలు ఇంకా పైకెందుకు ఎత్తిందో అప్పుడు తెలిసింది. సరిగ్గా ఇవ్వలేదని కసురుతున్నాననుకుంది కాబోలు.

ఆ సాయంత్రం ఇంటికి కూడా పోకుండా ఆంటీ దగ్గరికి వెళ్ళాను. చెప్పాను. ఆమె రస్టీ చెవి నిమురుతూ విన్నారు.

"నాకు తెలుసయ్యా. దీన్ని తీసుకెళ్ళిన రోజే కారు తలుపు తీసి 'పో లోపలికి' అన్నాను. చెయ్యిచ్చింది."

"మరి ఎందుకు చెప్పలేదాంటీ? అందరూ మిమ్మల్నే అంటాంటే!"

"చెబితే ఊరంతా నిన్ను చూసి నవ్వుతుంది. భయపడ్డవాణ్ణి చూసి నవ్వితే వాడింక డాక్టరు దగ్గర కూడా నోరు విప్పడు." రస్టీ మెడపట్టీ సర్దుతూ, "నువ్వే చెప్తావనుకున్నాను కూడా" అన్నారు. ఈ రెంటిలో ఏది అసలు కారణమో నాకు తేలలేదు. ఒకటి దయ, రెండోది నాకు పెట్టిన పరీక్ష. ఆమె మొహంలో మాత్రం రెండూ లేవు, అలసట ఉంది. అందరికీ చెప్తానని మాటిచ్చాను. "చెప్పేటప్పుడు కుక్క మంచిదనో చెడ్డదనో మొదలెట్టకు. నాకు భయమేసింది అని మొదలెట్టు, మిగతాది అదే వస్తుంది" అన్నారు. ఆ మొదటి వాక్యమే నాకు రాలేదు. ఉగాదికి చెప్దామనుకున్నాను, దీపావళికి చెప్దామనుకున్నాను. రస్టీ ఆమె ఒడిలోనే పోయింది. పోయిన చలికాలంలో ఆమె కూడా పోయారు. సంతాప సభలో ఒక మిత్రుడు మైకు పట్టుకుని, "ఆంటీది ఎంత మంచి మనసంటే, మన మురళిని కరవబోయిన కుక్కని కూడా తెచ్చి పెంచుకున్నారు" అన్నాడు. హాలంతా ఆర్ద్రంగా నవ్వింది. ఆమెను మెచ్చుకుంటున్న మాటను ఎలా ఖండించాలి? అలా సర్దిచెప్పుకుని తల దించుకున్నాను.

మేఘన ఇప్పుడు కార్డిఫ్‌లో చదువుతోంది. పోయిన నెల చూడ్డానికి వెళ్ళి, నీళ్ళ ఒడ్డున ఇద్దరం నడుస్తుంటే దూరంగా నల్లకుక్క ఒకటి వస్తోంది. మేఘన మాట ఆపకుండానే నా జబ్బ పట్టుకుని అవతలి వైపుకు లాగింది. అలవాటైన కదలిక. కడప బజార్లో కుక్క కనబడితే మా నాన్న నా చెయ్యి ఇలాగే బిగించి రోడ్డు దాటించేవాడు. ఆ పట్టు అప్పుడే, అంత దూరం నుంచి, నాకు గుర్తొచ్చింది. కుక్క పక్కన దుప్పటి పరుచుకుని పడుకున్న పిల్లకు ఈ భయం నేనిచ్చాను. అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి, "ఆ రోజు నాకు భయమేసింది" అని మొదలుపెట్టి అంతా చెప్పాను.

"సో రస్టీ వాజ్ జస్ట్ బీయింగ్ గుడ్" అంది మేఘన.

"అవును."

"అండ్ యు లెట్ మీ హేట్ హిమ్."

నల్లకుక్క మా ముందు నుంచే పోయింది. ఇద్దరం కాళ్ళు ముడుచుకున్నాం. ఇప్పుడు తెలిసింది కదా, భయం తగ్గుతుందేమో అన్నాను. "ఇట్ డజంట్ వర్క్ లైక్ దట్, నాన్నా" అంది. మళ్ళీ తనే, "టెల్ ఎవ్రీవన్" అంది.

"రాస్తాను."

"ఇంగ్లీష్‌లోనా?"

"తెలుగులో. వినాల్సినవాళ్ళు వాళ్ళే కదా."

"దెన్ హౌ డు ఐ రీడ్ ఇట్?" నా వైపు చూడలేదు. "నాకు ఒత్తులు రావు. ఆంటీ అవి స్టార్ట్ చేసే వీకే మాన్పించావు."

నిజమే. తెలుగు అని చదవగలదు, మేఘన అని చదవగలదు. కుక్క అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఈ కాగితాలు ఊళ్ళో అందరికీ పంచాక ఒక ప్రతి పట్టుకుని కార్డిఫ్ వెళ్ళాలి. దాని పక్కన కూర్చుని, కు రాసి, క రాసి, ఆ క కింద ఇంకో క ఎలా వేలాడుతుందో చూపించాలి. ఆంటీ ఎలా నేర్పేవారో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. ఇంకా గుర్తు రావడం లేదు.