కుట్టు మీద నడిచిన కత్తెర

ఆడిటరు మూట విప్పి లోపల చెయ్యి పెట్టాడు. బయటికి తీస్తే కోటు కాలరు వచ్చింది. దాని మీద చిన్న గాటు కూడా లేదు. అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఈసారి కోటు వీపు ముక్క. అదీ నిక్షేపంగా ఉంది.

"వీటిని కోసిందెవరు?" అన్నాడు.

కత్తెర పట్టుకుని గోడ వారగా నిలబడ్డ మనిషి ఒకడుగు ముందుకు వేసింది.

"నేనే సార్."

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళు మూడో అంతస్తులో ఉన్ని కోట్లకు కాలర్లు కుట్టింది. అది అందరి వల్లా అయ్యే పని కాదు. మెడ వంపు దగ్గర నూలుపోగంత తేడా వచ్చినా కోటు మొహం మాడ్చుకున్నట్టు కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు చెయ్యి పట్టుకుని నేర్పింది ఆమే. కోడలికీ ఆమే నేర్పింది. పోయినేడు చూపు మందగించి, ముదురు బట్ట మీద నల్లదారం ఆనకపోయేసరికి మేనేజరు ఆమెను కింద గదికి దింపాడు. "కూర్చుని చేసే పనేలేమ్మా, కోసి పారెయ్యడమేగా" అన్నాడు.

పేరు మోసిన కంపెనీ ఒకటి ఉన్ని కోట్లు నాలుగు వందలు కావాలంటుంది. దేనిలో ఏ లోపం బయటపడుతుందోనని ఫ్యాక్టరీ మరో నలభై కలిపి కుడుతుంది. కంపెనీ తనవి తాను తీసుకెళ్ళాక మిగిలినవాటిని అమ్మకూడదు, ఊరికే ఇవ్వకూడదు, కుట్టినవాళ్ళు తొడుక్కోకూడదు. పదిమంది ఒంటి మీదా కనబడితే ఆ పేరుకు విలువ పడిపోతుందట. అందుకని ముక్కలు చేసి కొలిమికి పంపాలి. చలికి ముడుచుకుని రోడ్డు పక్కన పడుకునే మనుషులున్న లోకంలో, కొత్త కోటును తగలబెట్టడానికి ఒక గది, ఒక కత్తెర, ఒక ఉద్యోగం, పైన ఆ కంపెనీ ఆడిటరు సంతకంతో ఒక సర్టిఫికెట్టు ఉన్నాయి. దీన్ని బ్రాండు మర్యాద కాపాడటం అంటారు. మనిషి మర్యాద సంగతి ఆ సర్టిఫికెట్టులో ఎక్కడా ఉండదు.

మళ్ళీ అతకడానికి వీల్లేకుండా వీపు మీద అడ్డంగా, కాలరు మీద నిలువుగా కొయ్యాలన్నది నియమం. మొదటిరోజు కాలరమ్మ వీపు నడుమ కత్తెర ఆనించింది. చెయ్యి దానంతటదే పక్కకు జరిగి కుట్టు మీదికి పోయింది. బట్టకు దెబ్బ తగలకుండా కుట్టు విప్పడమే ఆ చెయ్యి ఎరిగిన పని. ఎలాగూ ముక్కలయ్యాయి కదా అనుకుంది. అప్పటిదాకా వచ్చిన ఆడిటర్లు మూటలు లెక్కపెట్టుకుని సంతకం పడేసి పోయేవాళ్ళు. ఈ కొత్తాయన మూట విప్పాడు.

"కోటుకు ఆరేసి ముక్కలు. ఆరూ కలిపి కుడితే మళ్ళీ కోటు." ఆడిటరు గొంతు పెంచలేదు. "ఎవరికి అమ్ముతున్నారమ్మా?"

"అయ్యో, అమ్మడమేంటి బాబూ!"

"బాబూ గీబూ కాదు, సార్ అను!" మేనేజరు కసిరాడు. "నా కొంప ముంచావు కదమ్మా. కొయ్యమంటే విప్పుతావా? ఆల్టరేషన్ షాపేమైనా తెరిచావా ఇక్కడ?"

"చెయ్యి అలా పోయింది సార్."

"పోతుంది, పోతుంది. నువ్వు ఇక్కడ కూర్చుంటే నీ చెయ్యి ఒక్కటే బజారుకెళ్ళి బేరమాడుతుంది."

ఆడిటరు మేనేజరును చేత్తో ఆపాడు. "ఈ నలభైకీ ప్రతి ముక్కా లెక్క తేలాలి. ఒక్కటి తక్కువైనా దొంగతనమనే రాస్తాను."

దొంగతనమని రాస్తే ఆ మనిషి గేటు కార్డుతో పాటు ఆ ఇంట్లో పనిచేసే మిగతావాళ్ళ కార్డులూ లాక్కుంటారు. ఆ తరవాత ఏ ఫ్యాక్టరీ గుమ్మమూ ఎక్కనివ్వరు. మేనేజరు అప్పటికే మూడో అంతస్తుకు కబురు పంపాడు. కోడలు మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేశారత్తయ్యా?" అంది చెవి దగ్గర.

"కుట్ల మీద కోశాను."

"కొయ్యమన్నట్టు కొయ్యొచ్చుగా! నా పీకల మీదికి తెచ్చారు."

"నువ్వు కుట్టిన కాలర్లేనే అవి. నడిమికి కొయ్యబుద్ధి కాలేదు."

కోడలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఊరుకోలేదు. "కుట్టినన్నాళ్ళూ ప్రతి కాలరుకీ వంక పెట్టారు. మీకు వాటి మీద ఇంత ప్రేమ ఉందని ఇవాళేగా తెలిసింది."

ఇద్దరినీ గోడ దగ్గరే నిలబెట్టి, ఏదీ ముట్టుకోవద్దన్నారు. నేల మీద ముక్కలు పరిచారు. కాలర్లు నలభై. వీపులు నలభై. ముందు ముక్కలు ఎనభై. కోటు చేతుల దగ్గరికొచ్చేసరికి మేనేజరు కేక పెట్టాడు.

"నలభయ్యే ఉన్నాయి సార్! సగం లేవు!"

"ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉంటాయి సార్. జత విడిపోకుండా కుట్టు లైనులో అలాగే పెడతాం" అంది కాలరమ్మ.

ఆడిటరు ఒకటి అందుకుని లోపలికి వేళ్ళు పెట్టి లాగాడు. ఎడమ చెయ్యిలోంచి కుడి చెయ్యి జారి వచ్చింది. ఒక్కొక్కటే లాగుతూ, లెక్కపెడుతూ పక్కన పేర్చాడు. కోడలు పెదవులు కూడా ఆ లెక్కతో పాటు కదులుతున్నాయి. డెబ్బై ఏడు. డెబ్బై ఎనిమిది. చివరిదాన్ని లాగి చూశాడు. లోపల ఏమీ లేదు.

"డెబ్బై తొమ్మిది."

మళ్ళీ లెక్కపెట్టాడు. డెబ్బై తొమ్మిదే. మూటలు దులిపారు, బల్ల కిందికి వంగి చూశారు. మేనేజరు కాలరమ్మ చేతిసంచి బోర్లించాడు. టిఫిను డబ్బా, కళ్ళజోడు, నొప్పుల మందు సీసా దొర్లిపడ్డాయి.

"ఒక చెయ్యి తక్కువ. కోటు ఒకటి బయటికి పోయినట్టే లెక్క" అని ఆడిటరు పెన్ను తీశాడు.

కాలరమ్మ కళ్ళు మూసుకుని నిన్నటి పని మొదటి నుంచీ తలుచుకుంది. ఒక కోటుకు ఒక చెయ్యి విప్పిందో లేదో అన్నం బెల్లు కొట్టింది. బెల్లు వేళకు ఒంటరిగా మిగిలిన ముక్కను అంతకుముందు జతలో కుక్కి లేవడం లైనులో అందరికీ ఉన్న అలవాటే. రెండో చెయ్యి విప్పింది తిన్నాక.

"సార్, ఆ చేతుల్ని నన్నొకసారి తడిమి చూడనివ్వండి."

"ముట్టుకోవద్దన్నానా!" అన్నాడు మేనేజరు.

"చూడనివ్వండి" అన్నాడు ఆడిటరు.

ఆమె నేల మీద చతికిలబడింది. కళ్ళతో పని లేదు. ఒక్కో చేతినీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి పక్కన పెడుతోంది. ఇరవై అయ్యాయి. నలభై. కోడలు టేపు కొనను పళ్ళతో కొరుకుతోంది. అరవై దాటాక ఒకచోట వేళ్ళు ఆగాయి. మందం ఎక్కువ. లోపల చెయ్యి పెట్టి లాగింది. అస్తరుకు అస్తరు అంటుకుపోయి దాక్కున్న ముక్క బయటికొచ్చింది.

"ఎనభై సార్."

కోడలు పళ్ళ మధ్య నుంచి టేపు వదిలింది.

ఆడిటరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "సరే, దొంగతనం కాదు. కానీ ఇలా పంపడానికి వీల్లేదు. కొలిమి బండి నాలుగింటికి వస్తుంది. ఈలోపు ప్రతి ముక్కా నడిమికి కోసెయ్యండమ్మా."

కాలరమ్మ ఒక కాలరు తీసుకుంది. నిలువుగా కత్తెర నోరు తెరిచి పెట్టింది. ఎంతసేపటికీ మూయలేదు.

"నా వల్ల కాదు సార్."

"ఏం, ఎందుకు కాదు?"

"చెడింది కాదు, చినిగింది కాదు. దీన్ని కుట్టిన పిల్లకు మెడ నొప్పి వచ్చిందే గానీ కుట్టు వంకర పోలేదు. ఇన్నాళ్ళూ చెయ్యి పోయింది, నేను పోనిచ్చాను. ఇప్పుడు తెలిసే చెబుతున్నా. కొయ్యను."

"అయితే కార్డు అక్కడ పెట్టి దయచెయ్యి!" అన్నాడు మేనేజరు.

"పెడతాను. ముందు కాగితం రాయండి. ముక్కలన్నీ ఉన్నాయని, నేను కొయ్యనన్నానని, ఈ పిల్ల కార్డుకు దీంతో సంబంధం లేదని."

ఆడిటరు పెన్ను మళ్ళీ తీశాడు. రాశాడు. సంతకం పెట్టాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి అక్షరం కింద వేలు కదుపుతూ చదువుకుంది.

మేనేజరు కత్తెర కోడలి వైపు చాపాడు. "అయితే నువ్వు కొయ్యి."

కోడలు ఆ కత్తెరను చూసింది. అత్త వైపు చూడలేదు.

"నాది మూడో అంతస్తు సార్. అక్కడ కాలర్లు ఆగిపోయి ఉంటాయి" అని మెట్లెక్కేసింది.

గడియారం మూడు దాటింది. కొయ్యడానికి గదిలో మిగిలిన చేతులు రెండు జతలు. ఆడిటరు తన ఒంటి మీది కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. మేనేజరు వీపు ముక్క బల్ల మీద పరిచి కత్తెర ఆడించాడు. మందపాటి ఉన్ని తెగలేదు, బ్లేడ్ల మధ్య నలిగి మడత పడింది. బొటనవేలు పెట్టాల్సిన రంధ్రంలో నాలుగు వేళ్ళూ దూర్చాడు. ఎవరు కత్తెర తప్పుగా పట్టుకున్నా సరిదిద్దే మనిషి కాలరమ్మ. మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, కార్డు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.