తెర మీద డ్రిల్లు, లోపల గదిలో డ్రిల్లు

ఒడిశాలోని జయపురం మెయిన్ రోడ్డులో మాది హార్డ్‌వేర్ షాపు. విజయనగరం నుంచి వచ్చి తాతగారు పెట్టింది. మేకులు, తాళాలు కింద అరల్లో ఉండేవి. గోడ మీద కొక్కేలకు డ్రిల్లు మిషన్లు వేలాడేవి. కొనేవాళ్లు పేరు అడిగేవారు కాదు. పచ్చ కంపెనీది ఇమ్మనో, నీలం కంపెనీది ఇమ్మనో అనేవారు.

నేను ఒట్టి పిరికిదాన్ని. తొంభైల్లో ఇంటికి కేబుల్ వచ్చాక నా పిరికితనం ఇంకా పెరిగింది. సినిమాలో విలన్ ఎవరినో కుర్చీకి కట్టేసి, డ్రిల్లు తిప్పుకుంటూ దగ్గరికొస్తే, నేను అమ్మ వెనక దూరేదాన్ని.

"ఇలారా అమ్మీ. అది ఏ కంపెనీదో సెప్పు సూద్దాం," అనేవాడు నాన్న.

సినిమావాళ్లు పేరు మీద నల్ల టేపు అంటిస్తారు. అంటిస్తే మాత్రం? రంగు, మీట, పక్కనున్న గాలి కన్నాలు చూసి పట్టేసేవాళ్లం. సీరియల్లో ఎవరో గోడకు ఫొటో తగిలిస్తున్నా వదిలేవాళ్లం కాదు. కంపెనీ దొరికిందంటే నా భయం సగం పోయేది. మిగతా సగం నాన్న పోగొట్టేవాడు. "అది ఎనక్కి తిరుగుతంది సూడు. సున్నం గోడలోకైనా దిగదు. ఈడా నిన్ను భయపెట్టేది?"

"ఆళ్లు సస్తంటే మీకు కంపెనీ కావాలా?" అని అమ్మ విసుక్కునేది.

నేను కాలేజీలో చేరిన ఏడాది, వానలో, బోరిగుమ్మ రోడ్డు మీద నాన్న స్కూటరు జారింది. తొడ ఎముక విరిగింది. ఊళ్లోనే ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చాం. ఎముకల డాక్టరు విశాఖ నుంచి వారానికోసారి వచ్చేవాడు. సామాన్లు ఆయనే తెచ్చుకునేవాడు.

ఆపరేషన్ రోజు అమ్మా నేనూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నర్సు ఒక ట్రే పట్టుకుని మా ముందు నుంచి వెళ్లింది. పైనున్న గుడ్డ ఒక పక్క జారింది. ముదురు పచ్చ రంగు, నల్ల మీట, వాలుగా మూడు కన్నాలు. మా షాపు గోడ మీదున్నదే. వడ్రంగులు కొనుక్కెళ్లేదే.

పరుగెత్తుకెళ్లి తలుపు దగ్గర డాక్టరుని పట్టుకున్నాను.

"సార్, అది గోడలకు కన్నాలు పెట్టేది కదండీ?"

ఆయనకు కోపం రాలేదు. "ఎముకకు కూడా కన్నమే పెట్టాలమ్మా. శుభ్రం చేసిన గుడ్డ తొడిగి, మొనకు కొత్త బిట్టు బిగించి వాడతాం. ఎప్పుడూ దీంతోనే చేస్తాను. నువ్వెళ్లి కూర్చో," అని లోపలికి పోయాడు.

వచ్చి కూర్చున్నాను. నాన్నకు నడుములో మత్తు ఇచ్చారు. మెలకువగానే ఉంటాడు. కాసేపటికి లోపల మిషను మోగింది. ముందు తేలిగ్గా, తర్వాత బొంగురుగా. గొంతు బొంగురుపోయిందంటే బిట్టు దిగుతోందని అర్థం. రోజూ షాపులో వినే చప్పుడే. అవతలి పక్కకు తేలేటప్పుడు మిషను ఒక్కసారి ముందుకు దూకుతుంది. కర్రలోనైతే ఫరవాలేదు. అక్కడున్నది మా నాన్న.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. పైనున్న ఫ్యాను కూడా ఆగింది. కరెంటు పోయింది.

"ఏటయింది? అయిపోనాదా?" అంది అమ్మ.

బిట్టు ఎక్కడ ఆగిందో, ఎముకలోనే ఉందో, ఎవరు చెప్తారు? పెరట్లో ఎవరో జనరేటరు తాడు లాగారు. దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగారు. మళ్లీ దగ్గింది. అంత భయం నేను ఏ సినిమాలోనూ పడలేదు. చివరికి అది అందుకుంది, ఫ్యాను కదిలింది, లోపల మిషను మళ్లీ బొంగురుగా మొదలైంది. ఆ చప్పుడు కోసం నేనే దేవుడికి దండం పెట్టుకున్నాను.

సాయంత్రం స్ట్రెచర్ బయటికొచ్చింది. అంతా బాగా జరిగిందని డాక్టరు చెప్పి వెళ్లాడు. నాన్న పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"నొప్పెట్టిందా నాన్నా?"

"నొప్పి తెలీనేదమ్మీ." చెయ్యి వదల్లేదు. "శానా భయమేసింది. మీ అమ్మకి సెప్పకు."

ఆయన తల వెనక స్ట్రెచర్ పట్టుకుని నిలబడింది అమ్మే.