అద్దం మీది చార

ఎనభైల మొదట్లో పరకాల నుంచి హనుమకొండకు బస్సులో వస్తున్నాను. మర్నాటి మ్యాచ్‌లో ఓడితే కాలేజీ టెన్నిస్ జట్టులోంచి నన్ను తీసేస్తారు. నా ఒళ్లోని రాకెట్ చూసి పక్కసీటు పెద్దాయన అన్నాడు, "ఫోర్‌హ్యాండ్ కొడితే బంతి గీత దాటి పోతాంది గదా బిడ్డా?"

నా ఆట సంగతి నేనాయనకు చెప్పనేలేదు.

"ఫికర్ జేయకు. బంతిని గుద్దొద్దు. కిందికెల్లి మీదికి తుడవాలె, గిట్ల."

నా మీదుగా వంగి, తెరుచుకోకుండా బిగుసుకుపోయిన కిటికీ అద్దం మీది దుమ్మును వేళ్లతో కింది నుంచి పైకి తుడిచాడు. ఆ వేళ్లను చొక్కాకు రాసుకున్నాడు.

ఆయన దిగిపోయాక మిగతా దుమ్ము తుడవబోయాను. రుమాలుకు ఏమీ అంటలేదు. దుమ్మంతా అద్దానికి బయటివైపు ఉంది. ఆ వేళ్ల చార కూడా.

మర్నాడు గెలిచాను. ఇప్పటికీ నా బంతి గిర్రున తిరిగి గీత లోపల దిగిన ప్రతిసారీ, దుమ్ము అంటినట్టు, నా వేళ్లు వాటంతటవే చొక్కాకు తుడుచుకుంటాయి.