గోడవతల ఉప్పడిగిన మనిషి

మలేసియాలోని సుంగై సిపుట్‌లో మా ఇంటి వెనక ఒక పిట్టల మేడ ఉంది. కిటికీలన్నీ సిమెంటుతో మూసేసి, పిట్టలు దూరే కంతలు మాత్రం వదిలారు. పిట్టలు లోపల ఎంగిలితో గూళ్ళు కడతాయి. సూపులు కాచుకునే ఆసాములు ఆ గూళ్ళని బంగారం ధరపెట్టి కొంటారు. పిట్టల్ని పిలవడానికి స్పీకర్లలో రికార్డు చేసిన కిచకిచలు పొద్దస్తమానం మోగిస్తారు. ఏది పిట్టో, ఏది టేపో తెలియని ఆ రొదకి నాకు ఒళ్ళు మండిపోయేది.

అమ్మమ్మ పోయిన దినాల్లో అమ్మ రోజూ సాయంత్రం వెనక గోడ మీద ఆవిడకిష్టమైనవి పళ్ళెంలో పెట్టేది. అన్నం, వేయించిన నెత్తళ్ళు, ఇంత పప్పు. కాకులు వచ్చి సగం తిని సగం చిందరవందర చేస్తాయనుకున్నాం. పొద్దున చూస్తే పళ్ళెం నున్నగా తుడిచి, బోర్లించి ఉంది.

"మా అమ్మే తినీసి ఎల్లినాది," అని అమ్మ కళ్ళొత్తుకుంది.

"బతికున్నప్పుడు మీ అమ్మ ఏనాడైనా తిన్న పళ్ళెం తీసినాదేటి?" అన్నాను. అన్నాక నాకే చలేసింది.

తర్వాత ఒక సాయంత్రం అమ్మ పళ్ళెం పెట్టి వెనక్కి తిరగ్గానే గోడవతల నుంచి, "ఉప్పు సాల్నేదమ్మా," అని వినబడింది. అచ్చం అమ్మమ్మ యాస. మా ఊళ్ళో అమ్మా నేనూ తప్ప అలా మాట్లాడేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మా పిల్లలు సగం తమిళం, సగం మలయ్. అమ్మ ఉన్నచోటే కూలబడింది. "ఓలమ్మో, సచ్చినా ఉప్పుకే పేచీ! మా అమ్మే!" అని ఏడుస్తూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గోడవతల ఉన్నది మురుగు కాలువ. అటు మనుషులెవరూ తిరగరు.

మర్నాడు వెలుగుండగానే తలుపు చాటున కాపు కాశాను. మేడ అడుగున కాలువని ఆనుకున్న ఇనుప చట్రం కదిలింది. దాన్ని తోసుకుని ఒక ఆడమనిషి పాకుతూ బయటికొచ్చింది. జుట్టు నిండా సన్నటి ఈకలు. నన్ను చూసి బెదరలేదు.

"మీరు మా సిక్కోలోళ్ళేనా, అప్పా? రోజూ ఈ అమ్మ మాట ఇంటన్నాను. పలకరిద్దామంటే ఏటనాలో తెలీక ఉప్పన్నాను."

ఇంటిపని అని చెప్పి తనతోపాటు ఇంకొందరు ఆడవాళ్ళని తెచ్చారట. పాస్‌పోర్టులు లాక్కుని, గూళ్ళలోని ఈకలు పట్టకారుతో ఏరే పనిలో పెట్టారు. జీతం లేదు, బయట తాళం. ఆ పట్టకారుతోనే చట్రం చుట్టూ సిమెంటు గోకి వదులు చేసిందట. మా తాతముత్తాతల్ని రబ్బరు తోటలకి ఇలాగే తెచ్చారని అమ్మమ్మ చెబుతుంటే, అయిపోయిన కథే కదా అనుకునేదాన్ని. సిగ్గేసింది.

"బయటికొచ్చీసినావు కదే! ఇంకేటి సూస్తావు? ఇంట్లోకి రా!" అని కోప్పడ్డాను.

"ఆళ్ళనొగ్గీసి ఎలాగొత్తానప్పా? నాను కనబడకపోతే మిగతావోళ్ళని ఏ అడివికో మార్చీత్తారు. రమ్మంటే ఆళ్ళకి బయం. బయట మనోళ్ళున్నారంటే నమ్మరు. ఈ కూడు అట్టుకెల్లి సూపిస్తన్నాను."

అన్నం కొంగులో మూటగట్టుకుని మళ్ళీ ఆ కంతలోకే పోయింది. చట్రం యథాస్థానానికి వచ్చేసింది. కాసేపటికి నేను చూసింది మనిషినేనా అని అనుమానమొచ్చింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పెద్ద వాన కురిసి వెలిసింది. కరెంటు పోయి పిట్టల రొద ఠక్కున ఆగింది. అంత నిశ్శబ్దం మా పెరట్లో నేనెన్నడూ ఎరగను. చట్రం లేచింది. ముందు ఆమె, వెనక ఒకరి చెంగు ఒకరు పట్టుకుని మిగతా ఆడవాళ్ళు, వెలుగుకి కళ్ళు చికిలిస్తూ వచ్చారు. చివరి పిల్ల చట్రం పట్టుకుని రానంటే, ఆమె మళ్ళీ లోపలికెళ్ళి నడుం పట్టి తోసుకొచ్చింది. అందర్నీ వంటింట్లో కూర్చోబెట్టి గడియ వేశాను. లాయరు స్నేహితురాలికి ఫోన్ చేస్తే, పోలీసుల్ని తీసుకుని బయల్దేరుతున్నాను, ఎవరు పిలిచినా తలుపు తీయకండి అంది. అమ్మ గబగబా అన్నం వడ్డించింది. ఎవరూ ముట్టలేదు.

అప్పుడు కాలువ పక్కనుంచి కాపలావాడి కేక వినబడింది. "మాసుక్! మాసుక్!" లోపలికి పదండని.

ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వాళ్ళ మొహాల్లో ఏ భావమూ లేదు. ఒకామె నడిచివెళ్ళి గడియ మీద చెయ్యి వేసేసింది. అది తీసిందంటే అందరూ దొరికిపోయినట్టే.

ఉప్పడిగినామె మాత్రం లేవలేదు. "కూకోండి," అంది మెల్లగా. "అన్నాలు సల్లారిపోతన్నాయి. తినండి."

వాళ్ళు ఆమెనీ తలుపునీ మార్చి మార్చి చూశారు. గడియ మీద చెయ్యేసినామె ముందు వచ్చి కూర్చుంది. తర్వాత మిగిలినవాళ్ళు. వాడు మళ్ళీ అరిచాడు, ఈసారి సరిగ్గా మా గోడ దగ్గర.

ఎవ్వరూ లేవలేదు.