మైనం తాగని కండెపుల్లలు

మొన్న మా మనవరాలు బడికి ఏదో బొమ్మ చేయాలని పొయ్యి మీద కొవ్వొత్తులు కరిగించింది. ఆ మైనం వాసన ముక్కుకు తగలగానే నాకు సిగ్గేసింది. ఆదోని గిడ్డయ్య సారు మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఆయన రైల్వేలో తంతి గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. సర్కారు లైసెన్సుతో ఇంట్లోనే సొంత రేడియో సెట్టు పెట్టుకుని, తంతి భాషలో టిక్కు టిక్కుమంటూ ఎక్కడెక్కడి వాళ్ళతోనో ముచ్చటించేవారు. పంతొమ్మిది వందల యాభైల్లో ఎమ్మిగనూరు హైస్కూల్లో సైన్సు చెప్పుకునే నన్ను ఆ పిచ్చిలోకి దించింది ఆయనే.

ఆయనతో వేగడం తేలిక కాదు. ఏ అనుమానం అడిగినా జవాబు చెప్పరు, మిద్దెక్కి చూసి రమ్మంటారు. మా మిద్దె మీద బొంగు పాతి ఏరియల్ కట్టాను. అక్కడి నుంచి గదిలోని సెట్టుకు జంట తీగ దిగాలి, రెండూ ఒకదానికొకటి తగలకుండా జానెడుకొక పుల్ల కట్టాలి. మగ్గాల ఊళ్ళో నూలు చుట్టే పాత కండెపుల్లలకు కొదవేముంది? బుట్టెడు తెచ్చుకున్నాను. వానకు తడిసి కరెంటు కారకుండా వాటిని కరిగిన మైనంలో, బుడగలు ఆగేదాకా ఉడికించమన్నారు సారు. ఆ దిక్కుమాలిన బుడగలు గంటైనా ఆగలేదు. విసుగొచ్చి, మిగిలినవాటిని ఊరికే ముంచి తీసి కట్టేశాను.

వానలు మొదలయ్యాయి. రోజూ పొద్దున ఆరింటికి మేమిద్దరం రేడియోలో పలకరించుకోవాలని ఒప్పందం. జల్లు పడిన పొద్దున నా పలకరింపు ఆదోనికి చేరేది కాదు. కార్డు రాస్తే, రెండ్రోజులకు సారు మోకాళ్ళ నొప్పులతోనే మధ్యాహ్నం బస్సు దిగి మిద్దెక్కారు. అప్పటికి ఎండ కాసింది, తీగ ఆరింది, సెట్టు భేషుగ్గా పనిచేసింది! ఆయన అతుకులన్నీ విప్పి మళ్ళీ అతికారు. రెండోసారి వచ్చి బొంగు మార్పించారు. "పుల్లలు బాగా ఉడికిచ్చినావు కదప్పా?" అని అడిగితే, ఉడికించానన్నాను. ఆ మాట నమ్మి పుల్లల జోలికే పోలేదు. నిజం చెబితే ఇక నా మాటకు విలువ ఉండదని నా భయం. ఆయన మెట్లు దిగుతూ మూలుగుతుంటే నా మీద నాకే ఒళ్ళు మండేది, అయినా నిజం దాచి బస్సెక్కించేవాణ్ణి.

మూడోసారి ఆయన మిద్దె మీద ఉండగానే జల్లు కొట్టింది. కింద సెట్టులో కరెంటు చూపే ముల్లు పడిపోయిందని నేను అరిచి చెప్పాను. సారు ఒక పుల్ల విప్పి విరిచి చూశారు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చి, దాన్ని నా చేతిలో పెట్టారు. లోపలంతా తడి.

"ఇది ఉడకలేదప్పా."

"ముంచి తీసినాను సార్. మీకు అబద్ధం సెప్పినాను."

ఆయన కూర్చుని మోకాళ్ళు పిసుక్కున్నారు. "ముందే సెప్పింటే ఆదోనిలో కూర్చోనే సరిచేయించేవాణ్ణి కదప్పా. మూడుసార్లు ఎక్కినాను." అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పుల్లలన్నీ విప్పి, పొయ్యి ముందు నుంచి లేవకుండా ఉడికించాను. ఆ తర్వాతి వానలో నా పలకరింపు ఆదోనికి చేరింది. కొన్ని వారాలకు గాలికి ఒక తీగ తెగితే, అతికానని రేడియోలోనే చెప్పాను. గట్టిగా అతికావా అని ఒక్కసారి అడిగారు, అతికానన్నాను. రెండోమాట అడగలేదు. అంత జరిగాక కూడా నా మాట నమ్మారు. నాకు కాలు నిలవలేదు. సెట్టు కట్టేసి, మిద్దెక్కి, ఆ అతుకును లాగి లాగి చూసుకున్నాను.

ఈ వయసులో కూడా ఎవరైనా "ఆ పని చేశావా" అంటే వెంటనే అవునని చెప్పలేను, లేచి వెళ్ళి చూసొస్తాను. మా ఇంట్లో అందరికీ ఇది పెద్ద విసుగు. విసుక్కుంటే విసుక్కోనీ. నా మాట నమ్మి మెట్లెక్కిన మనిషిని వాళ్ళు చూడలేదు.