రెండో పేజీ చదివిన మనిషి

పని మీద ప్రాణం పెట్టిన మనిషిని నిర్లక్ష్యం చేశాడని రాశారు. ఆ మెమో మా శంషాబాద్ బస్సు డిపో ఫైల్లో ఇప్పటికీ ఉంది. ఆ మనిషి లేడు. పోయిన మంగళవారం పొద్దున దవాఖానలో గుండె ఆగి పోయాడు. డిపోకు హెడ్ మెకానిక్, మాకు ఉస్తాద్.

నేను పదో తరగతి తప్పి డిపోలో చేరాను. ఎయిర్‌పోర్టు కొత్తగా వచ్చిన రోజులు. సర్కారు బస్సులు గ్యాసుతో నడపాలని ఉత్తర్వు వచ్చింది. ఉస్తాద్ దాని నకలు చొక్కా జేబులో పెట్టుకొని, చాయ్ తాగేటప్పుడు నాతో చదివించేవాడు. నాకొచ్చిన ఇంగ్లీషంతా అదే.

“మొదటి పేజీ అందరు సదువుతరు బిడ్డా. రెండోది మనం సదవాలె” అనేవాడు. మొదటి పేజీలో బస్సులు తిప్పమని ఉంది. రెండో పేజీలో గ్యాసు సిలిండర్లకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించమని ఉంది.

బస్సు బయలుదేరే ముందు గ్యాసు పైపు అతుకులన్నిటికీ పాత గడ్డం బ్రష్షుతో సబ్బు నురుగు పూసేవాడు. ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని కళ్లు చికిలించి చూసేవాడు. డ్రైవర్లకు తొందర.

“ఏంది ఉస్తాద్, బస్సుకు గడ్డం గీస్తున్నవా?”

“దీనిదైనంక నీది గీస్త. జర ఆగు.”

మూడేళ్లు నిండాయి. నాలుగు బస్సుల సిలిండర్లకు పరీక్ష గడువు దాటింది. ఉస్తాద్ వాటిని గేటు దాటనివ్వలేదు. ఎన్ని గ్యాసు బస్సులు తిరిగాయో రోజూ పై అధికారులకు లెక్క చెప్పాల్సిన మేనేజరు ఉరికొచ్చాడు.

“గ్యాసు బస్సులు తిప్పమని సర్కారు చెబితే నువ్వు ఆపుతావేమిటయ్యా?”

“సర్కారు జెప్పిందే చేస్తున్న సార్. రెండో పేజీ సూడుండ్రి.”

“నాకు ఇంగ్లీషు నేర్పుతావా?”

“ఇంగ్లీషు కాదు సార్, తారీఖు. ఇగో, సిలిండర్ మీదనే గుద్దిండ్రు.”

మర్నాడు మెమో వచ్చింది. ‘విధుల్లో నిర్లక్ష్యం.’ ఆయనను టైర్ల షెడ్డుకు మార్చారు. మేనేజరు మీద అరిచింది నేను. ఆయన నా భుజం పట్టి, “కోపం పానా లెక్క. అవసరమున్న నట్టుకే పెట్టాలె” అన్నాడు.

తర్వాత ఆ బస్సులను పరీక్షకు పంపక తప్పలేదు. ఒక సిలిండర్ ఫెయిలైంది. దాన్ని తుక్కులో పడేశారు. మెమోను మాత్రం ఫైల్లోనే ఉంచారు.

టైర్ల షెడ్డులోనూ ఆయన ఒక్కో టైరును అరచేత్తో తడిమి చూసి గాని వదిలేవాడు కాదు. ఒకే ఒక్కసారి, చేతులు కడుక్కుంటూ, నా ముఖం చూడకుండా అడిగాడు: “మెమోల ఆ మాట కొట్టేస్తరా బిడ్డా?”

దానికి జవాబు మేనేజరు గారు చెప్పాలి. వచ్చే శుక్రవారం ఉస్తాద్ పదకొండో రోజు. గగన్‌పహాడ్‌లోని ఇంట్లో ఆయనకు ఇష్టమైనవన్నీ వండి ఫొటో ముందు పెడతారు. మెమో రద్దు చేసిన కాగితం, సంతకంతో, ముద్రతో, గురువారం సాయంత్రంలోగా ఆయన భార్య చేతికి అందాలి. విస్తరి పక్కన దానికి చోటు ఉంచుతాం.