ఖాళీ గడి పక్కన మూడు పొడి సంతకాలు

యంత్రానికున్న రక్షణను చెడగొట్టినవాడివి నువ్వే కనుక నీకు నష్టపరిహారం రాదని, ఆ రక్షణను సరిచేయించమని మూడుసార్లు రాసి మొరపెట్టుకున్న మనిషికే తీర్పు చెప్పారు. ఉత్తర్వులో పదకొండో పేజీ, రెండో పేరా. ఆ మనిషి అసలు పేరు ఉత్తర్వులో తప్ప అచ్చాఫీసులో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన అంచుమామ.

ఇరవై ఆరేళ్లుగా బైండింగు పని ఆయనది. పుస్తకం చేతికిస్తే అట్ట చూడడు, పేరు చూడడు. కళ్లు ముందు అంచు మీదికే పోతాయి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆయనకు ప్రాణం ఒప్పదు. "నన్ను మొదటిసారి చూసినప్పుడు నా మొహం చూశారో, నా చేతిలో ఉన్న నోటుపుస్తకం అంచు చూశారో ఇప్పటికీ తేలలేదు" అని భార్య నలుగురిలోనూ అంటుంది. ఆయన కాదనడు.

కాగితం కోసే మిషన్‌కు రెండు బటన్లు ఉంటాయి, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. కత్తి దిగే వేళకు చేతులు దాని కింద ఉండకూడదని తయారుచేసినవాళ్లు చేసిన ఏర్పాటు అది. పని చురుగ్గా సాగాలని ఫోర్‌మన్ కుడి బటన్ సందులో ఒక చెక్కముక్క దిగ్గొట్టించాడు. ఇక ఎడమచేత్తో నొక్కితే చాలు, కుడిచేత్తో కాగితాల దొంతరను పట్టుకోవచ్చు.

"ఇదేం పనయ్యా? నా చెయ్యేదో కాగితమేదో కత్తికి తెలుస్తుందా?" అన్నాడు అంచుమామ.

"రెండు చేతులూ బటన్ల మీదే పెట్టుకు కూర్చుంటే దొంతర ఎవరు పడతారు మామా, మా తాత వచ్చి పడతాడా? కానివ్వు, సాయంత్రానికి లారీ వస్తుంది."

నోటితో చెబితే చెవికెక్కలేదు కనుక ఆయన రాశాడు. మిషన్ పక్కన రోజుకొక వరుస చొప్పున గళ్లు గీసిన విడి కాగితాలు ఉంటాయి. చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే పనివాడు అక్కడ రాయాలి. అది చదివి ఫోర్‌మన్ వరుస చివర పొడి సంతకం పెట్టాలి. ఫిర్యాదు లేని రోజున సంతకం ఉండదు. రాయవలసిన గడి మరీ ఇరుకు. అందులో పట్టక, "కుడి బటన్ బిగించి ఉన్నది, తీయించగలరు" అని గడి బయట, కాగితం అంచున ఉన్న ఖాళీలో రాశాడు. మూడు నెలల్లో మూడుసార్లు. మూడుసార్లూ పొడి సంతకం పడింది. చెక్కముక్క మాత్రం కదలలేదు.

సంవత్సరం చివర ఆ విడి కాగితాలన్నీ పుస్తకంగా కుట్టమని ఆయన దగ్గరికే వచ్చాయి. కుట్టాడు, జిగురు పెట్టాడు, ఆరబెట్టాడు, మూడు వైపులా కోశాడు. ఏడాది పొడవునా పది చేతులు పడి మాసిన అంచులను కోయకుండా వదలడం ఆయన వల్ల అయ్యే పని కాదు. పేజీలో ఏముందో బైండరు చదవడు. చదువుతూ కూర్చుంటే తెల్లారినట్టే. మూడు ఫిర్యాదులూ అర అంగుళం పేలికలై చెత్త గోతంలో పడ్డాయి.

రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం, దొంతరలో ఒక మూల కొంచెం బయటికి జరిగింది. ఎడమచెయ్యి బటన్ మీద ఉంది. కుడిచెయ్యి తనంతట తానే ఆ మూలను సర్దడానికి వెళ్లింది. నాలుగు వేళ్లు పోయాయి. బొటనవేలు మిగిలింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నొప్పి గురించి ఎక్కువ మాట్లాడలేదు. కాగితం ముట్టుకోవాలని ఉందన్నాడు. ఎడమచేత్తో ముట్టుకుంటే అది వేరే ఎవరో ముట్టుకుని తనకు చెప్పినట్టుంటుందట. కొత్త కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి, ఏ వైపు సులువుగా మడత పడుతుందో పట్టేసే ఆ నేర్పు కుడిచేతిది. లేని వేళ్లకు ఇప్పటికీ కాగితం తగులుతూనే ఉంటుంది. నిద్ర లేచేసరికి ఆ చెయ్యి దుప్పటి అంచును సరిచేయబోతుంది.

నష్టపరిహారం వస్తే ఏం చేయాలో ఆయనకు స్పష్టంగా తెలుసు. చేత్తో తిప్పే పాత బిగింపు మర ఒకటి, చిన్న కోతబల్ల ఒకటి కొని ముందుగదిలో వేసుకోవాలి. సూది భార్య పట్టాలి, లెక్క తాను చెప్పాలి. బల్ల వచ్చేచోట సుద్దతో గీత కూడా గీశాడు. ఆమె ఊడ్చేటప్పుడు ఆ గీత చెరగకుండా ఊడ్చేది.

విచారణ రోజున యాజమాన్యం చెప్పింది: చెక్కముక్క పెట్టుకున్నది అతనే, తొందరగా ఇంటికి పోవడానికి.

"తీయమని ఎప్పుడైనా రాతపూర్వకంగా అడిగారా?" అన్నాడు అధికారి.

"అడిగానండీ. మూడుసార్లు." తేదీలు కూడా చెప్పాడు.

పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. ఆయన ఎడమచేత్తో దాన్ని అందుకుని, అలవాటు కొద్దీ ముందు అంచు నిమిరాడు. అంచు గాజులా ఉంది. పేజీ తిప్పాడు. రాసిన చోటు లేదు.

"ఎక్కడండీ మీ ఫిర్యాదు?"

"కోసేశానండీ" అన్నాడు. ఏం చెప్పాలో తోచక, "కోత బాగా వచ్చింది" అని కూడా అన్నాడు. యాజమాన్యం వకీలు నవ్వాడు.

బయటికి వచ్చాక భార్య మెట్ల మీదే అందుకుంది. "మీ అంచుల పిచ్చి మండిపోనూ! లోకంలో ఎవడైనా తన సాక్ష్యం తనే కోసుకుంటాడా?"

"వంకరగా ఉందే."

"ఉంటే ఉండనివ్వాల్సింది! వంకరగా ఉన్నదే మనకు అన్నం పెట్టేది." అని, అంతలోనే ఆయన జేబులోంచి రుమాలు తీసి ఆయన మొహం తుడిచింది.

ఉత్తర్వు వచ్చిన వారానికి, పుస్తకం నకలు తెప్పించుకుని ఆ ఇద్దరూ వరుస వరుసా చదివారు. ముందు కనిపెట్టింది ఆమె. "ఏమండీ, ఏమీ రాయని గడి పక్కన సంతకం ఎందుకుంది?" ఏడాది మొత్తంలో ఖాళీ గడుల పక్కన సంతకాలున్నవి మూడే వరుసలు. ఆయన చెప్పిన తేదీలు అవే. పునర్విచారణ కోరుతూ అర్జీ పెట్టారు. ముట్టిన రసీదు ఉంది. జవాబు ఒక్క వాక్యం: కొత్త ఆధారమేదీ లేదు.

ముందుగదిలో సుద్దగీత అరిగిపోయింది. ఆయన దాన్ని మళ్లీ గీయడం లేదు. దారిలో పుస్తకాల కొట్టు కనబడితే మాత్రం లోపలికి వెళ్లి, ఏదో ఒక పుస్తకం మీద బొటనవేలు ఆనించి, కొట్టువాడు అడిగేదాకా నిలబడతాడు.

అయ్యా ఫోర్‌మన్ గారూ, ఖాళీ గడి చూసి ఎవరూ సంతకం పెట్టరు. ఆ మూడు రోజులూ మీరు ఏం చదివి సంతకం పెట్టారో ప్రమాణం చేసి చెప్పండి. అయ్యా యజమాని గారూ, చెప్పనివ్వండి. అయ్యా అధికారి గారూ, ఫోర్‌మన్ గారిని పిలిపించి ఆ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు విన్నాక, పదకొండో పేజీ రెండో పేరా కొట్టివేసి, ఆ చేతికి ఇవ్వవలసింది ఇప్పించండి.